కళ్ళు మూసుకునే వేళకి

నోలీన్ కళ్ళు మూసుకుందో లేదో, బస్సు అద్దం మీద టకటకా చప్పుడయింది.

చూస్తే ఎవరో ముసలాయన. చేతిలో ఖాళీ కెటిల్.

"అమ్మాయ్, ఇక్కడ నీళ్ళ కుళాయి ఎక్కడుంది?"

"మీ వెనకే ఉంది పెద్దాయనా!"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. "అవునే! ఇదెప్పుడొచ్చింది?"

నోలీన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఫోన్లో ఆడగొంతు మాత్రం "శ్వాస మీద ధ్యాస పెట్టండి" అని మెత్తగా చెబుతూనే ఉంది.

స్కూలు బస్సు నడపడం నోలీన్ ఉద్యోగం. మధ్యాహ్నం బడి వదిలే ముందు కాస్త తీరిక దొరుకుతుంది. ఊరి చివర, క్యారవాన్లు, అంటే చక్రాల మీద తిరిగే ఇళ్ళు, ఆగే మైదానం పక్కన, జామాయిల్ చెట్టు నీడలో బస్సు ఆపుకుంటుంది. ఆ తీరికలోనే ధ్యానం చెయ్యాలని ఆవిడ తంటా.

సరదాకి పెట్టుకున్న తంటా కాదు. ఈమధ్య బి.పి. బాగా పెరిగిపోయింది.

"మాత్రలు వేసుకుంటూనే ఉన్నావు, చాలట్లేదు. నెలలో తగ్గకపోతే నీ లైసెన్సు కాగితం మీద సంతకం పెట్టను" అంది డాక్టర్ బ్రిడీ.

"నా బస్సులో వాంతులు చేసుకుంటూ పెరిగినదానివి, నా ఉద్యోగానికే ఎసరు పెడతావా?"

"ఇప్పుడెక్కే పిల్లల గురించే నా భయం. రోజూ ధ్యానం చెయ్యి నోలీన్. ఫోన్లో యాప్‌లు ఊరికే వస్తాయి."

ఊరికే వచ్చేవాటిని కూతురు టెగన్ వెతికి పెట్టింది. మొదటిది రెండ్రోజులు ముద్దు చేసి, మూడో రోజు డబ్బడిగింది. ఇంకొకటి, మంచు కురుస్తున్న అడవిలో నడుస్తున్నట్టు ఊహించుకోమంది. గోధుమ చేలు ఎండకి మాడే ఊళ్ళో పుట్టిన నోలీన్‌కి మంచు అంటే ఫ్రిజ్ గుర్తొచ్చింది. ఫ్రిజ్‌లో పాలు అయిపోయాయని గుర్తొచ్చింది. లేచి కొట్టుకి వెళ్ళింది.

చివరికి దొరికినది మంచిది. ఊపిరి చూసుకోమంటుంది, అంతే. ఈ ముసలాయన లేకపోతే కుదిరేదే.

మర్నాడు అగ్గిపెట్టె కోసం వచ్చాడు. ఆ మర్నాడు, గులాబీ రంగు గలా చిలకలు తన బిస్కెట్లు ఎత్తుకుపోయాయని ఫిర్యాదు చెయ్యడానికి వచ్చాడు.

నోలీన్ ఇక ఊరుకోలేకపోయింది.

"పెద్దాయనా, మీకిది కాలక్షేపం. నాకు బతుకుతెరువు! బి.పి. తగ్గకపోతే నా లైసెన్సు ఊడుతుంది. కాసేపు కళ్ళు మూసుకుని కూచోనివ్వండి!"

ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది. వెనుదిరిగి తన క్యారవాన్‌లోకి వెళ్ళిపోయాడు.

పీడ విరగడయిందనుకుంది.

మర్నాడు యాప్ తెరిచేసరికి, రెండు మడత కుర్చీలు వేసి, టీ కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నిన్న చెప్పింది బుర్రకెక్కలేదా?"

"ఎక్కింది. టీ చల్లారిపోతోంది, దిగు."

దిగింది. తిట్టడానికే దిగింది. కానీ టీ బాగుంది.

పేరు మెర్వ్ అన్నాడు. అంతకుమించి తన సంగతేమీ చెప్పలేదు, ఆవిణ్ణీ ఏమీ అడగలేదు. చిలకల గురించి మాట్లాడేవాడు. లేకపోతే ఊరుకునేవాడు.

"ఆ లావుపాటిదాన్ని చూడు. నా బిస్కెట్లు కాజేసి, మేయరుగారిలా ఎలా నడుస్తోందో!"

నోలీన్ పొట్ట పట్టుకుని నవ్వింది. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు.

రోజూ ఆవిడ ఫోన్ తీసేది. రోజూ ఆయన కుర్చీలు వేసేవాడు. "ఈయన నన్ను ధ్యానం చేసుకోనివ్వడు" అని విసుక్కుంటూనే, ఇంటి నుంచి కేకు ముక్కలు కట్టుకు రావడం మొదలుపెట్టింది.

"రేపే డాక్టరు దగ్గరికి" అని చెప్పింది ఒకరోజు, కాస్త బెదురుగా.

"పరీక్ష రేపు కదా. ఇవాళ టీ తాగు" అన్నాడు.

మర్నాడు బ్రిడీ నోలీన్ చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి చూసింది. నమ్మకం కుదరక మళ్ళీ కొట్టింది.

"మంత్రం వేశావా నోలీన్! దిగిపోయింది. ఇదిగో సంతకం. ఇంతకీ ఏ యాప్ అది? మిగతావాళ్ళకీ చెబుతా. ఏదీ, పెట్టు."

నోలీన్ గర్వంగా పెట్టింది.

"శ్వాస మీద ధ్యాస పెట్టండి" అంది ఆడగొంతు. కాసేపటికి ఒక చిరుగంట మోగింది. "ఇప్పుడు భుజాలు వదులుగా..."

నోలీన్ తెల్లబోయింది. "ఈ గంటేమిటి?"

"నన్నడుగుతావేం? రోజూ వినేది నువ్వు!"

ఆ గంట దాకా నోలీన్ ఒక్కనాడూ వెళ్ళలేదు.

బేకరీలో పెద్ద కేకు కొనుక్కుని తిన్నగా మైదానానికి పోయింది. క్యారవాన్ లేదు. అది నిలిచినంత మేరా గడ్డి పాలిపోయి ఉంది.

మైదానం చూసుకునే షోనా మొక్కలకి నీళ్ళు పెడుతోంది.

"మెర్వ్ ఏడీ?"

"పొద్దున్నే వెళ్ళిపోయాడు. వాళ్ళ చెల్లెలొచ్చి బండి తోలుకుపోయింది."

"చెల్లెలా? ఆయనకి తోలడం రాదా?"

"రాకపోవడమేం! జీవితమంతా పెద్ద లారీల మీద బతికిన మనిషి" అంది షోనా, గొట్టం ఇంకో పాదులోకి మారుస్తూ. "అసలు వచ్చిన వారానికే వెళ్ళాల్సింది. తీసుకెళ్దామని చెల్లెలు అప్పుడే వస్తే, 'నా లైసెన్సు ఈ పాడు బి.పి.కే పోయింది, ఆ బస్సమ్మాయిది కూడా పోనిస్తానా?' అని ఆవిణ్ణి ఉత్తచేతులతో తిప్పి పంపేశాడు."