తిప్పని కంచాలు

తెర మీద ఒక గర్భిణి కడుపులోంచి పాము పాకుతూ బయటికి వచ్చింది.

మైలీన్ తల దించుకుని కంచంలోని నూడుల్స్ కేసి చూస్తూ కూర్చుంది.

ఎర్విన్ అది గమనించి నవ్వాడు.

ప్రతి శనివారం సాయంత్రం మరికినా పట్టణంలోని ఆ ఇంట్లో ఎర్విన్, అతని స్నేహితుడు బోయెట్ ఇలాంటి సినిమాలు చూస్తారు. మామూలు మనుషులు పది నిమిషాలు కూడా చూడలేని వాటిని ఏరి మరీ తెచ్చుకుంటారు. ఏడాదిగా అదే అలవాటు.

ఎర్విన్ తమ్ముడు జున్‌జున్ మోటారు సైకిలుతో సహా లారీ కింద పడి చనిపోయినప్పటి నుంచీ.

తనను ఏదీ కదిలించలేదని ఎర్విన్ వారానికొకసారి రుజువు చేసుకోవాలి. ఎవరికోసం ఆ రుజువో తనను తాను ఎన్నడూ అడగలేదు.

ఈసారి బోయెట్ తన పిన్ని కూతురు మైలీన్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ఏదో కంప్యూటర్ ఉద్యోగం చేసేదట. అది పోయి ఏడాదైందట. ఈ రాత్రి బస్సుకే సమర్ దీవిలోని సొంతూరికి వెళ్ళిపోతోందట.

వచ్చీ రాగానే ఆమె అమ్మగారున్నారా అని అడిగింది.

"సినిమాకొచ్చావా, మా అమ్మను చూడ్డానికొచ్చావా?" అన్నాడు ఎర్విన్.

తల్లి వెనక గదిలో జపమాల పట్టుకుని కూర్చునుంది. అతను పిలవలేదు.

రెండో సినిమాలో మనుషుల్ని తినే మనుషులు వచ్చారు. మైలీన్ కుర్చీని గోడవైపు తిప్పుకుంది.

గోడ మీది బల్లి బాగా నటిస్తోందా అని అడిగాడు ఎర్విన్. బోయెట్ నవ్వలేదు. వదిలెయ్యరా అన్నాడు.

మూడోది సినిమా కాదు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చిన వీడియో ముక్క.

తడిసిన రోడ్డు. లారీ చక్రం పక్కన ఒక మనిషి. చుట్టూ కాళ్ళు.

ఎర్విన్‌కి చూపు పక్కకి తప్పింది. అందుకే మరింత గట్టిగా నవ్వాడు. రక్తం మరీ పలచగా కలిపారన్నాడు.

మైలీన్ వెనక్కి తిరిగింది. రెండు క్షణాలు చూసింది.

"ఆపెయ్యన్నా. ఇది నిజం."

నీకెలా తెలుసన్నాడు.

"సినిమాలో అయితే చుట్టూ ఉన్నవాళ్ళు అరుస్తారు. నిజంగా జరిగినప్పుడు ఎవరూ మాట్లాడరు."

ఎర్విన్ చెవి ఒగ్గాడు. నిజమే, ఒక్క గొంతూ లేదు. ఏడాది కిందట తన ఫోనుకొచ్చిన ఒక వీడియోలో సరిగ్గా ఇలాంటి నిశ్శబ్దాన్నే ఒకసారి విన్నాడు.

అతనికి కోపం వచ్చింది.

ఉత్తుత్తి పామునే చూడలేనిది తనకు పాఠాలు చెబుతోందన్నాడు. పిరికివాళ్ళకు పల్లెటూరే సరైన చోటన్నాడు. ఇంకా ఏవేవో అన్నాడు.

మైలీన్ బస్సుకి వేళయిందని చెప్పి సంచీ భుజాన వేసుకుంది.

అక్కడి ఆచారం ప్రకారం, భోజనం మధ్యలో ఒకరు లేచి ప్రయాణమైతే, తింటున్నవాళ్ళు తమ కంచాలను ఒక చుట్టు తిప్పుతారు, వెళ్ళే మనిషికి దారిలో ఆపద రాకుండా. పోట్లాడి వెళ్ళేవాళ్ళకైనా సరే, తిప్పుతారు.

బోయెట్ చెయ్యి కంచం మీదికి వెళ్ళింది. ఎర్విన్ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"తిప్పకు. ఎలాగూ కళ్ళు మూసుకునే వెళ్తుందిగా, ఏ ఆపదా కనపడదులే."

గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న మైలీన్‌కి ఆ మాట వినపడింది. క్షణం ఆగింది. తర్వాత గేటు చప్పుడైంది.

ఆ చప్పుడుకి తల్లి బయటికి వచ్చింది. ఎర్విన్ గబుక్కున తెర ఆర్పేశాడు.

ఎవరు వెళ్ళారని అడిగిందామె. సగం తిని వదిలేసిన కంచాన్నీ, వీళ్ళిద్దరి కంచాలనూ చూసింది.

"తిప్పలేదేంరా?"

ఆమె వంగి, రెండు కంచాలనూ ఒకదాని తర్వాత ఒకటి తనే మెల్లగా తిప్పింది.

"ఏ తల్లి బిడ్డో ఏమో. ఆ రోజు జున్‌జున్ సగంలో లేచి వెళ్తుంటే నేను మరిచిపోయాను నాయనా." మళ్ళీ అంది. "పోనీలే, వాడు కష్టపడకుండా పోయాడు. శవపెట్టెలో నిద్రపోతున్నట్టే ఉన్నాడు కదూ?"

ఎర్విన్ తలూపాడు. ఆమె లోపలికి వెళ్ళింది.

బోయెట్ మోచేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఏమైందిరా అంటే, చెప్పనని మైలీన్‌కి ఒట్టేశానన్నాడు. మళ్ళీ తనే చెప్పాడు. జనం పెట్టే వీడియోల్లో మనుషులు చూడకూడనివి చూసి తీసెయ్యడం ఆమె ఉద్యోగమట. రోజుకి ఎనిమిది గంటలు, ఆరేళ్ళపాటు.

ఎర్విన్ వట్టి కాళ్ళతో గేటు దాకా పరిగెత్తాడు. వాన. ఆమె ఎక్కిన జీప్నీ బండి వెనక దీపం వీధి చివర మలుపు తిరిగిపోయింది.

వెనకే బోయెట్ వచ్చి నిలబడ్డాడు.

"జున్‌జున్ రోడ్డు మీద పడి ఉన్న వీడియోలు మీ అమ్మ చూడకుండా ఆ రాత్రంతా ఒక్కొక్కటీ వెతికి తీసేసింది మైలీనేరా," అన్నాడు, "పైవాళ్ళు ఆగమన్నా ఆగలేదని ఉద్యోగంలోంచి తీసేశారు, వెళ్ళేముందు ఆ తల్లిని ఒక్కసారి చూసి పోతానని వచ్చింది."