ఇంటికి చెప్పిన పేర్లు

దీపావళి వెళ్ళగానే ఆదిలాబాదులో ప్రతి ఇంటి బొంతలూ ఎండకెక్కుతాయి. తలుపు సందుల్లో గుడ్డపేలికలు కుక్కాక, ఇంట్లో ఒకరు గోడ మీద చెయ్యి వేసి ఇంటికి తన మనుషులెవరో చెబుతారు. చలికాలమంతా ఇల్లు వాళ్ళున్న గదులనే వెచ్చబెడుతుంది. చుట్టాలను పట్టించుకోదు. ఒకసారి చెప్పింది మళ్ళీ ఏడాదిదాకా మార్చదు.

పోయినేడు ఆ పని పుట్టింట్లోనే ఉండిపోయిన ఆడబిడ్డ నీలాబాయి చేసింది. కొత్త కోడలు వనిత పేరు మాత్రం మింగేసింది. తెల్లవారుజామున వంటింట్లో వనిత ఒక్కతే గజగజ వణుకుతుంటే, "కొత్త గదా, ఇల్లు నీకు అలవాటు గావాలె" అని నవ్వింది.

ఈ ఏడు జలుబుతో నీలాబాయి గొంతు పూర్తిగా పోయింది. నువ్వే చెప్పమని వనితకు సైగ చేసింది.

వనిత గోడ మీద చెయ్యి వేసింది. మామ పేరు చెప్పింది, మొగుడి పేరు చెప్పింది, తన పేరు నిదానంగా చెప్పుకుంది. వసారాలో ముడుచుకున్న కుక్క పేరు కూడా చెప్పింది.

"నడిమింట్ల ఇంకొకరున్నరు, ఎవరు?" అని ఇల్లు అడిగింది.

నీలాబాయి నోరు తెరిచింది. మాట రాలేదు. వనిత ఆమె భుజాల చుట్టూ బొంత ప్రేమగా కప్పింది.

"చుట్టం," అంది. "చలి ముదరక ముందే పోతది."