కడిగిన బిళ్లలు

"బిళ్లలన్ని గింత తెల్లగున్నయేంది పెద్దమ్మా?"

సిరొంచలో యాదక్క వంటింట్లో, డబ్బా మూత పట్టుకుని ప్రతిభ నిలబడిపోయింది. పొయ్యి పక్క గోడకు గాలి పీల్చే చిన్న యంత్రాన్ని బిగించింది తనే. రోజుకో ఫిల్టర్ బిళ్ల మార్చి, వాడినదాన్ని డబ్బాలో దాచమని యాదక్కకు నేర్పిందీ తనే. తొంభై బిళ్లల మీద తొంభై రోజుల పొగ ఉండాలి. ఇరవై ఏళ్లుగా వంటింటి పొగ మీదే పరిశోధన చేస్తున్న ప్రతిభకు పైఅధికారులు ఇచ్చిన ఆఖరి అవకాశం అది.

"సబ్బుపెట్టి కడిగిన బిడ్డా," అంది యాదక్క మురిపెంగా. "చేటల ఆరబోసిన. గంత మసి జూస్తే మీ పెద్దసార్లు ఏమనుకుంటరు? ప్రతిభ పెద్దమ్మకు ఇల్లు సాఫు చేసుకునుడు రాదనరా?"

"ఆ మసి కోసమే గద నేనొచ్చింది. ఇగ నా పని ఒడిసింది పెద్దమ్మా. మళ్ల చెయ్యనియ్యరు."

యాదక్క ముఖం వాడిపోయింది. ఏదో చెప్పబోయి దగ్గింది. దగ్గు ఆగక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవారగా చతికిలబడింది. కొంగు తీసేసరికి దాని మీద కఫం, నల్లగా.

ప్రతిభ మూత కింద పెట్టింది. ఈ ఇంటి గాలిని కొలిచింది, కట్టెలను తూచింది. దగ్గు సంగతి మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

"ఎప్పటిసంది పెద్దమ్మా ఇది?"

"నువ్వు చదువుకని పుణె పోయినవు సూడు, ఆ ఏడుసంది." యాదక్క సిగ్గుపడుతూ కొంగు మడిచింది. "ఉండు బిడ్డా, ఇది గూడ కడిగేస్త."