బండకు ఎడమవైపు

“ఆ పెట్టె కింద పడతదేమో చూడు పాపా,” అన్నది ఎలీషబా.

కంప్యూటర్ తెర మీద ఫోటో తలకిందులుగా ఉంది. పైనున్న నేలకు కాళ్లు అంటుకొని జనం వేలాడుతున్నారు. నడుమ శవపేటిక, దాని పక్కన పెద్దబండ.

“పడదులే అవ్వా,” నవ్వింది మనవరాలు స్టెల్లా. తెరను ఏ పక్కకు కావాలంటే ఆ పక్కకు తిప్పే గ్రాఫిక్స్ డ్రైవర్ అనే ప్రోగ్రాం రాయడం ఆమె ఉద్యోగం. హనుమంతునిపాడులో ఇంటినుంచే పని. తిప్పి చూడడానికి చేతికి దొరికింది తాతను పూడ్చిననాటి ఫోటో.

“దీనికి జీతమిస్తారా మీవాళ్లు?”

“ఇస్తారు. తొంభై డిగ్రీలు అయింది, నూట ఎనభై అయింది. ఇంక అద్దం ఒకటే.”

“అద్దమేంది?”

“కుడి ఎడమ అవుతది. ఎడమ కుడి అవుతది.”

అవ్వ వక్క నమలడం ఆపింది. “అది వద్దులే. లేచి అన్నం తిను.”

స్టెల్లా అప్పటికే నొక్కింది. అక్షరాలు తిరగబడ్డాయి. మౌస్ కుడికి జరిపితే బాణం ఎడమకు పోయింది. ఆ తప్పు రాసుకోబోతూ ఫోటో చూసి ఆగింది. అద్దం తీసేసింది. మళ్లీ పెట్టింది.

“అవ్వా, అద్దం పెడితేనే ఇది సరిగ్గా ఉంది. తీస్తే మగోళ్లందరి చొక్కా జేబులు కుడి రొమ్ము మీదికి పోతాండాయి. పైటలు కూడా కుడి భుజానే. స్టూడియో ఆయన ఫిలిం తిరగేసి ప్రింటు తీసినాడు.”



పన్నెండేళ్ల కింద సమాధుల తోటను యంత్రంతో చదును చేశారు. గుంత తవ్వినవాళ్లు అప్పటికి లేరు. ఈ ఫోటో చూసే తాత చోటు పోల్చుకున్నారు, పెద్దబండకు ఎడమవైపని. అవ్వ ఏటేటా అక్కడే కొవ్వొత్తి వెలిగిస్తున్నది. ఆ పక్కనే తనకూ చోటు అడిగి పెట్టుకుంది. డాక్టరు ఆమెకు చెప్పిన గడువు రెండు నెలలు. తాత పేరు చెక్కిన రాయి రేపు మార్కాపురం నుంచి వస్తుంది.

“తాత బండకు కుడిపక్క ఉండాడు. ఇన్నాళ్లూ నువ్వు ఉత్త నేల దగ్గర ఏడ్చినావు అవ్వా.” స్టెల్లా ఫోన్ తీసింది. “మోషే పాస్టరుగారికి చెప్తా. రాయి అటే పెట్టిస్తా. నీ చోటు కూడా అటే, తాత పక్కనే.”

ఎలీషబా వంకర తిరిగిన చేయి చాచి ఫోన్ మీద పెట్టి ఆపింది. ఆ చేయి ఎట్లా విరిగిందో ఆమె ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

“ఆ పొద్దు గుంత ఒడ్డునే నిలబడినదాన్ని. నాకు తెలీదా?”

“మరి ఎవరికీ చెప్పలేదేంది?”

అవ్వ తలుపు దిక్కు చూసి, గొంతు బాగా తగ్గించింది.

“నేను యాడ ఉంటానో మీ తాతకు చెప్పొద్దు.”