కాకి ముట్టని పిండం

అపార్ట్‌మెంటు డాబా మీద పిండం పెట్టి అరగంటయింది. పిట్టగోడ మీది కాకి మాత్రం కదలడం లేదు.

"ఏదో కోరిక మిగిలిపోయిందమ్మా. తీరుస్తానని మాటివ్వు" అన్నారు పురోహితుడు సుందరశాస్త్రి. తర్వాత కాస్త నసిగారు. "నిజం చెప్పొద్దూ, నాకూ చేయి ఆడటం లేదు. పొద్దున్నే మా టీవీలోంచి నా మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగారు మీ నాన్నగారు."

హైమవతి తండ్రి కుటుంబరావు ముప్పైయేళ్లు సీరియల్లో తాతయ్య వేషం వేశాడు. పోయి ఏడాదైంది. ఛానెల్ వాళ్ల యంత్రం ఆయన ముఖంతో, ఆయన గొంతుతో రోజూ కొత్త ఎపిసోడ్ నడుపుతూ, ఇంటింటా చూసేవాళ్లను పేరు పెట్టి పలకరిస్తోంది.

"అమ్మను బాగా చూసుకుంటాను నాన్నా" అంది హైమవతి.

కాకి కదల్లేదు.

"తమ్ముడితో మాట్లాడతాను."

ఊహూ.

తల్లి ఆమె చెవిలో గొణిగింది. "ఇంక నటించక్కర్లేదని చెప్పవే. ఆఖర్లో ఎంత అలిసిపోయారో!"

హైమవతి కాకి వైపు తిరిగింది. "ఇంక షూటింగు లేదు నాన్నా. ఆపించేస్తాను."

కాకి రివ్వున వాలి పిండం ముట్టింది. శాస్త్రిగారు హమ్మయ్య అంటూ దండం పెట్టారు.

హైమవతి మాత్రం దండం పెట్టలేకపోయింది. ఆసుపత్రిలో నాన్న వద్దని తల అడ్డంగా ఊపుతున్నా, జనం ఆయన్ని మరిచిపోకూడదని, ఛానెల్ వాళ్ల వందేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టింది తనే.

డాబా కిందే వాళ్ల ఫ్లాటు. తల్లి ఆపడానికి మనసు రాక వదిలేసి వచ్చిన టీవీలోంచి ఆ గొంతు ప్రేమగా పిలిచింది.

"హైమా, కాకి ముట్టిందా తల్లీ?"