సగంలో ఆగిన పాలు

రిటైరైన ఇంగ్లీషు టీచరు అత్తగారు. కోడలు రాసిన ప్రతి వాక్యానికీ ఎర్రసున్నా చుట్టేసింది.

“రేపు ఇంటర్వ్యూలో ఇలాగే మాట్లాడతావా? ‘బికాజ్ ఐ’ అట. బికాజ్ నువ్వు? ‘ది మిల్క్ ఆన్ ది స్టవ్’ అట. పాలకేమైంది? క్రియ ఏది? వాక్యమన్నాక తలా తోకా ఉండాలమ్మా. ఇన్నిటిలో ఒక్కటైనా పూర్తిగా ఏడవలేదు!”

“పాలు పొంగిపోయాయి అత్తయ్యా,” అంది కోడలు మెల్లగా. “పొద్దుట్నుంచి ఇంట్లో నేను మాట్లాడినవే ఇంగ్లీషులో రాయమన్నారు కదా. ఉన్నదున్నట్టు రాశాను. మీరు ఎక్కడ ఆపితే...”

“చాల్లే, సాకులు చెప్పకు! ఇంకోటి రాయి.”

కోడలు బుద్ధిగా రాసింది: ‘వేరెవర్ యు స్టాప్ మి’.

అక్కడే ఫుల్‌స్టాప్ పెట్టింది.