పై వాటాకు నీళ్లు

మెట్టుగూడలోని తన ఇంట్లో పై వాటాకు అనసూయమ్మ నీళ్లు ఆపేసి తొమ్మిది రోజులైంది. కిరాయికున్న సూరి ఖాళీ చెయ్యలేదు, కోర్టుకెక్కాడు.

కోర్టు వరండాలో ఆమె అతని మొహం చూడకుండానే అంది. "నా ఇల్లు, నా బోరు. నువ్వు ఎల్లిపోయేదాంక మోటర్ ఎయ్య."

"తొమ్మిది రోజులుగా ఆఫీసులో తానం చేస్తన్నానండి," అన్నాడు సూరి. "పాత హైకోర్టు తీర్పొకటి దొరికింది. ఇల్లు ఖాళీ చేయించడానికి ఓనర్లు నీళ్లు ఆపకూడదట. కింది కోర్టులన్నీ ఆ మాట వినాల్సిందేనట."

"ఎవలికో ఇచ్చిన తీర్పుతోని నాకేంది? దాంట్ల నీ పేరున్నదా?"

"నా పేరు లేదండి."

అతనిచ్చిన కాగితాల్లో ఆమె వకీలు మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాడు. "అమ్మా, ఇరవై రెండేండ్ల కింద మీరు చిలకలగూడల కిరాయికి ఉన్నరా?"

అనసూయమ్మ కాగితాలు లాక్కుంది. చంటిపిల్లను చంకనేసుకుని వీధి నల్లా దగ్గర బిందెతో నిలబడ్డ రోజులన్నీ అందులో ఉన్నాయి. ఓనరు నీళ్లాపితే ఆ కేసు వేసింది ఆమే. గెలిచిందీ ఆమే.

"గా ఓనర్ బద్మాష్," అంది. "గందుకే గెలిచిన. గా తీర్పు నా ఒక్కదానికే ఇచ్చిన్రు."

"ఇప్పుడది అందరిదమ్మా," అన్నాడు వకీలు.

లోపల్నుంచి పేర్లు పిలిచారు. ఆమె కాగితాలు వకీలు చేతిలో కుక్కింది.

"జడ్జి సాబ్‌కు చెప్పు. గప్పుడు నాకు తప్పు తీర్పు ఇచ్చిన్రని."